పికప్ ట్రక్కు సైలెన్సర్‌ను సొంతంగా విప్పడం, మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మఫ్లర్ అని మాన్యువల్‌లో రాసినా, బండి కింద పడుకునేవాళ్ల నోట అది సైలెన్సరే. ఇక్కడా అదే మాట. పికప్ ఉన్నవాడికి ఏదో ఒక సెలవు రోజున ఆ డబ్బా మీద కన్ను పడక మానదు. నాకూ పడింది. పీకేసి నేరుగా పైపు వేసుకున్నాను, కొన్నాళ్లు తిరిగాను, మళ్లీ సైలెన్సర్ పెట్టుకున్నాను. ఆ పనిలో తెలిసినవీ, ఆ తర్వాత నన్ను పదే పదే అడిగినవీ ఇవి.

సైలెన్సర్ తీసేస్తే పవర్ పెరుగుతుందా?

చప్పుడు పెరుగుతుంది. చెవి చెప్పిన మాట కాలు నమ్మేస్తుంది. మోత బాగుందని యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కుతాం, బండి భలే లాగుతోందని సంబరపడతాం. కంపెనీ ఇంజన్‌ను ముట్టుకోకుండా సైలెన్సర్ ఒక్కటే తీసేస్తే, కొలిచినా దొరికేది అతి కొద్దిపాటి హార్స్‌పవర్, అదీ ఇంజన్ బాగా తిరిగే పైస్థాయిలో. పికప్‌ను మనం నడిపేది అక్కడ కాదు. బరువేసుకుని, తక్కువ ఆర్‌పీఎంలో.

మైలేజీ సంగతీ అంతే. పెరిగిందని చెప్పేవాళ్లు పెట్రోలు లెక్క రాసుకుని ఉండరు. నా లెక్కలో తగ్గింది, తప్పు నా కుడికాలిది.

బ్యాక్ ప్రెషర్ లేకపోతే ఇంజన్ పాడవుతుందంటారు, నిజమేనా?

బ్యాక్ ప్రెషర్ ఏ ఇంజన్‌కూ మేలు చేయదు. పొగ బయటికి పోవడానికి ఎంత అడ్డు ఉంటే ఇంజన్‌కు అంత శ్రమ. మరి పెద్ద పైపు వేసిన బండి కిందిస్థాయిలో నీరసపడేది ఎందుకంటే, పైపు మరీ లావైతే పొగ వేగం తగ్గుతుంది. వేగంగా పోయే పొగ తన వెనక కాస్త ఖాళీని లాక్కుపోతుంది, తర్వాతి సిలిండర్ ఖాళీ అవడానికి ఆ లాగుడు పనికొస్తుంది. పైపు లావై వేగం పడిపోతే ఆ సాయం పోతుంది. కావలసింది అడ్డు కాదు, వేగం. రెంటినీ ఒకటిగా చెప్పుకోవడం వల్ల పుట్టిన మాట ఇది.

వాల్వులు కాలిపోతాయనే భయం కార్బొరేటర్ రోజులది. ఇంజక్షన్ బండిలో పొగలోని ఆక్సిజన్‌ను సెన్సర్ చూస్తూ, ఇంధనాన్ని ఎప్పటికప్పుడు సరిచేస్తుంది. వెనకున్న సైలెన్సర్ ఒక్కటి మార్చినందుకు ఇంజన్‌కు ఏమీ కాదు.

కింద దూరి చూస్తే అన్నీ డబ్బాల్లాగే ఉన్నాయి. ఏది ఏమిటి?

ఇంజన్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి. మొదట సిలిండర్ల పొగను ఒకచోట కలిపే మానిఫోల్డ్, దాని నుంచి దిగే పైపు. తర్వాత పొగలోని విషాన్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్. దాని ముందొకటి, వెనకొకటి వైరు తగిలించిన ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. వైరు కనిపిస్తే చాలు, మీ సైలెన్సర్ ఇంకా రాలేదని అర్థం. కొన్ని బండ్లలో ఆ తర్వాత సన్నగా పొడుగ్గా, కొన్ని శ్రుతుల మోతను తగ్గించే రెజొనేటర్ ఉంటుంది. అందరికంటే పెద్ద పొట్ట ఉన్నది సైలెన్సర్. అక్కణ్నుంచి వెనక యాక్సిల్ మీదుగా వంపు తిరిగి, సరుకు వేసే ట్రే పక్కనో వెనకో బయటికొచ్చేది టెయిల్ పైపు.

కన్వర్టర్‌ను సైలెన్సర్ అనుకుని కోసేసినవాళ్లు ఉన్నారు. గుర్తుపట్టలేకపోతే ఆ రోజుకు రంపం పక్కన పెట్టండి.

ఏది ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు?

కన్వర్టర్ వెనకున్న సెన్సర్ తర్వాతిదంతా మీ ప్రయోగాలకు. ఆ సెన్సర్, కన్వర్టర్, దాని ముందున్నదంతా కంపెనీవాడికి వదిలేయండి. కన్వర్టర్ లోపల తేనెపట్టులాంటి పింగాణీ ఇటుక, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటాయి. కార్బన్ మోనాక్సైడ్‌నీ, కాలని ఇంధనాన్నీ, నైట్రోజన్ ఆక్సైడ్లనీ అక్కడే హాని తక్కువ వాయువులుగా మారుస్తుంది. దాన్ని తీసేయడం చాలా దేశాల్లో నేరం, సొంత బండి అయినా సరే. పైగా వెనక సెన్సర్ ఊరుకోదు, పీ0420 కోడ్ పడి చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. పొగ కళ్లు మండేలా వాసనేస్తుంది. ఇంత చేసి దక్కేది మళ్లీ చప్పుడే.

సైలెన్సర్ మారిస్తే చెక్ ఇంజన్ లైటు వస్తుందా?

రాదు. సెన్సర్లు దాని ముందే ఉంటాయి. వచ్చిందంటే పనిలో వైరు లాగి ఉంటారు, లేదా సెన్సర్‌కు దగ్గర్లో ఎక్కడో జాయింటు లీకవుతోంది. పొగ ఒకే వేగంతో పోదు, దెబ్బ దెబ్బగా పోతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆ చిల్లు బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. సెన్సర్ ఆ ఆక్సిజన్ చూసి ఇంధనం చాలడం లేదనుకుని ఇంకా పొయ్యమంటుంది. మైలేజీ పడిపోతుంది, కారణం మాత్రం అంతుపట్టదు.

మాది డీజిల్ పికప్. ఇదంతా వర్తిస్తుందా?

పాత డీజిల్ అయితే దాదాపు అంతే. కొత్తదైతే కింద కనిపించే పెద్ద డబ్బాలు చాలావరకు సైలెన్సర్లు కావు. మసిని పట్టి ఉంచే డీపీఎఫ్, యూరియా ద్రావణం చిమ్మే ఎస్సీఆర్ అక్కడుంటాయి. మసిని కాల్చుకునే సమయంలో డీపీఎఫ్ లోపల 600 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. ప్రెషర్ గొట్టాలు, వేడిని కొలిచే సెన్సర్లు తగిలించిన దేన్నీ కోయకండి. వాటి తర్వాత చిన్న సైలెన్సర్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. టర్బో ఎలాగూ చప్పుడును సగం మింగేస్తుంది కాబట్టి, ఉన్నదాన్ని తీసినా పెద్ద తేడా తెలియదు.

సైలెన్సర్ లోపల ఏముంటుంది? ఏ రకం ఎలా మోగుతుంది?

ఇది తెలిస్తే తప్పుడు డబ్బా కొనరు. ముఖ్యంగా రెండు పద్ధతులు. ఒకటి గదుల పద్ధతి. లోపల రేకులతో గదులు కట్టి, పొగను అటూ ఇటూ తిప్పుతారు. శబ్ద తరంగం గోడకు కొట్టుకుని వెనక్కొచ్చి, ఎదురొచ్చే తరంగంతో ఢీకొని రెండూ కొంత చల్లారతాయి. కంపెనీ సైలెన్సర్లు ఎక్కువగా ఈ జాతివే. గదులు తగ్గించి బరువైన గొంతు వచ్చేలా చేసినవి బయట దొరుకుతాయి, ఫ్లోమాస్టర్ పేరు ఎక్కువగా వినిపించేది ఇక్కడే.

రెండోది పీల్చే పద్ధతి. మధ్యలో నిండా చిల్లులున్న నేరు పైపు, చుట్టూ గాజు నూలు. చప్పుడు చిల్లుల్లోంచి నూలులోకి పోయి వేడిగా మారిపోతుంది. కీచు శబ్దాలు పోతాయి, బొంగురు మిగులుతుంది. ఇందులో చౌకైన, సన్నని రకాన్ని గ్లాస్‌ప్యాక్ అంటారు. కొన్న రోజు ముచ్చటగానే ఉంటుంది. ఆ నూలు కాలి కాలి, పొగతోపాటు కొంచెం కొంచెం బయటికి పోతుంది. అందుకే గ్లాస్‌ప్యాక్ ఏడాదికేడాది గొంతు పెంచుకుంటుంది.

నా అభిప్రాయం అడిగితే, రోజూ నడిపే బండికి పొడుగాటి నేరు పైపు సైలెన్సర్ సరిపోతుంది. డబ్బా ఎంత పొడుగైతే అంత శాంతం.

మొత్తం తీసేసి ఉత్త పైపు వేస్తే ఎంత చప్పుడు?

అంకె చెబితే మోసం చేసినట్టే, ఇంజన్‌ను బట్టి మారుతుంది. లెక్క మాత్రం ఇది: 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి సుమారు రెట్టింపు మోతలా వినిపిస్తుంది. పనిచేసేచోట 85 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండొచ్చన్నది వాడుకలో ఉన్న హద్దు. అక్కణ్నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగం చొప్పున తగ్గించుకుంటూ పోవాలి, అంటే 94 దగ్గర గంటే. దూర ప్రయాణం చేసేవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి.

అసలు బాధ గట్టిదనం కాదు, డ్రోన్ అనే ఆగని మోత. రోడ్డు మీద నిలకడగా పోతుంటే క్యాబిన్‌లో ఒకే శ్రుతిలో గుయ్యిమంటుంది. మాటలు వినబడవు, అరగంటకు తల దిమ్మెక్కుతుంది. దీనికి లెక్క ఉంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో రెండు చుట్లకు ప్రతి సిలిండరూ ఒక్కసారి పేలుతుంది. 2000 ఆర్‌పీఎం దగ్గర నాలుగు సిలిండర్లయితే సెకనుకు 67 దెబ్బలు, ఆరయితే 100, ఎనిమిదుండే వీ8 అయితే 133. ఆ దెబ్బల శ్రుతి క్యాబిన్ రేకుల శ్రుతితో కలిసినచోట డ్రోన్ పుడుతుంది. పికప్ క్యాబిన్ చిన్నది, వెనక గోడ నిటారు, ఇంకేం కావాలి.

మందు కూడా అదే లెక్కలోంచి వస్తుంది. ప్రధాన పైపుకు పక్కన ఒక కొస మూసిన కొమ్మ పైపు అతికిస్తారు, దాన్ని జే పైపు అంటారు. ఆ తరంగం పొడవులో నాలుగో వంతు దాని పొడవు. తరంగం అందులోకి పోయి తిరిగొచ్చేసరికి తలకిందులై, వచ్చే తరంగాన్ని కొట్టేస్తుంది. వీ8కు 2000 దగ్గర ఆ కొమ్మ మీటరుకు కాస్త తక్కువ. నాలుగు సిలిండర్లకు దాదాపు రెట్టింపు కావాలి, కింద చోటు దొరకదు. అప్పుడు రెజొనేటర్ పెట్టుకోవడమే దారి.

టెయిల్ పైపు అంత పొడుగెందుకు? సైలెన్సర్ దగ్గరే కిందికి వంచి వదిలేస్తే?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

పొడుగాటి టెయిల్ పైపు అందానికి కాదు. పొగను క్యాబిన్, ట్రే రెండూ దాటించి గాలిలో వదలడానికి. మధ్యలో వదిలితే బండి ఆగి ఉన్నప్పుడు పొగ అడుగున పోగవుతుంది. క్యాబిన్ అడుగు రేకులో తుప్పు చిల్లులు, రబ్బరు ఊడిన వైరు రంధ్రాలు, తలుపు కింది సందులు, ఎక్కడ దారి ఉంటే అక్కడ లోపలికి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ పట్టుకోవాల్సిన హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటిపెట్టుకుంటుంది. మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం. ఎండ దెబ్బో, ఆకలో అనుకుంటాం. తర్వాత మత్తు. అప్పుడు కిటికీ తెరవాలన్న ఆలోచన కూడా రాదు.

పికప్‌కు మరో చిక్కుంది. పోతున్న బండి వెనక గాలి సుడి తిరిగి ముందుకే లాగుతుంది. క్యాబిన్ వెనక జరిపే అద్దం ఉండి, దాన్ని ఒక్కదాన్నే తెరిస్తే పొగ నేరుగా మెడ మీదికి వస్తుంది. ట్రే మీద టాప్ బిగించి అందులో మనుషుల్ని కూర్చోబెట్టడం ఇంకా ప్రమాదం. నేను పొట్టి పైపుతో తిరిగిన రోజుల్లో సాయంత్రానికి తల పట్టేసేది. మోత వల్లే అనుకున్నాను. పైపు వెనకదాకా వేశాక ఆ నొప్పి మళ్లీ రాలేదు. ఎంత మోత వల్లో, ఎంత పొగ వల్లో తెలుసుకోవాలని మాత్రం మళ్లీ ప్రయత్నించలేదు.

క్యాబిన్‌లో బ్యాటరీతో నడిచే చిన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకుంటే పోయేదేమీ లేదు. మూసిన షెడ్డులో ఇంజన్ ఆన్ చేయకండి. తలుపు తెరిచే ఉందిగా అని కూడా వద్దు, బండి బయటికి తోసుకోండి.

ఏ పనిముట్లు కావాలి?

స్పానర్లు, సాకెట్ సెట్టు, పొడుగు పట్టున్న రాచెట్, తుప్పు వదిలించే నూనె, కళ్లద్దాలు, మందపాటి చేతి తొడుగులు. కోతకు హ్యాక్‌సా చాలు, చేతులు పీకుతాయంతే. కరెంటు రంపానికి లోహం కోసే బ్లేడు వేస్తే నిమిషాల పని. గ్రైండర్ వేగంగా కోస్తుంది కానీ నిప్పురవ్వలు పెట్రోలు ట్యాంకు వైపే ఎగురుతాయి. కొత్త బండ్లలో ట్యాంకు ప్లాస్టిక్‌దే ఎక్కువ.

బండి ఎత్తడం ఎలా?

అసలు ఎత్తాలా అని ముందు చూడండి. చాలా పికప్‌ల కిందికి ఎత్తకుండానే దూరొచ్చు, అంతకంటే భద్రమైన పద్ధతి లేదు. ఎత్తాల్సి వస్తే చదునైన గట్టి నేల మీద, హ్యాండ్ బ్రేకు వేసి, నేలనున్న చక్రాలకు ముందూ వెనకా అడ్డం పెట్టి ఎత్తండి. బరువు జాకీ స్టాండ్ల మీద కూర్చోవాలి. జాకీ ఎత్తడానికే తప్ప నిలబెట్టడానికి కాదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు చెప్పకుండా పగులుతాయి. స్టాండ్లు పెట్టాక బండిని భుజంతో గట్టిగా ఊపండి, పడేదైతే మీరు బయట ఉండగానే పడాలి.

పికప్‌లో స్టాండ్లను చాసిస్ కింద పెడితే వెనక యాక్సిల్ కిందికి వేలాడుతుంది. దాని మీదుగా పోయే వంపు పైపు లాగడానికి చోటు దొరుకుతుంది. ట్రే కింద వేలాడే స్టెప్నీ కూడా ముందే దించేయండి, టెయిల్ పైపుకు అడ్డమొచ్చేది అదే.

ఇంజన్ ఆపి కొన్ని గంటలు గడవనివ్వండి. సైలెన్సర్ చల్లారినా కన్వర్టర్ చల్లారదు.

తుప్పు పట్టిన బోల్టులు కదలడం లేదు. ఏం చేయాలి?

రేపటి పనికి నూనె ఈ రాత్రే కొట్టాలి. పొద్దున మళ్లీ ఒకసారి. విప్పేముందు ఒక పిసరు బిగించి చూడండి, తుప్పు టక్కుమని విరిగితే తర్వాత వెనక్కి తిరుగుతుంది. ఆరు మూలల సాకెట్ వాడండి, పన్నెండు మూలలది తుప్పు నట్టును గుండ్రంగా చెక్కేస్తుంది. అప్పటికీ రాకపోతే మంట పెట్టి నట్టును కాల్చాలి, అయితే పక్కన బ్రేకు పైపు, ఇంధనం పైపు, రబ్బరు లేవని చూసుకుని, కొట్టిన నూనెను తుడిచేశాకే. అదీ కుదరకపోతే నట్టును కోసి కొత్త బోల్టు వేయడం మేలు. మానిఫోల్డ్‌ను ఇంజన్‌కు పట్టి ఉంచే స్టడ్డు మీద మాత్రం బలం చూపించకండి. అది లోపల విరిగితే సైలెన్సర్ పని కాస్తా ఇంజన్ పనవుతుంది.

సైలెన్సర్‌ను వేలాడదీసిన రబ్బరు హ్యాంగర్లు ఊడటం లేదు.

సబ్బు నీళ్లు, లేదా సిలికాన్ స్ప్రే. గ్రీజు రాయకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. చివరి రబ్బరు ఊడదీసేముందు సైలెన్సర్ కింద రెండో జాకీనో చెక్క దుంగనో పెట్టండి. పడుకున్న మనిషికి అది సరిగ్గా ముఖం మీదే ఉంటుంది.

ఎక్కడ కోయాలి?

రెండు పైపులను బోల్టులతో కలిపే అంచు, అంటే ఫ్లాంజి ఉంటే కోయనే వద్దు. వెల్డింగ్ జాయింటు అయితే సైలెన్సర్‌కు దగ్గరగా కోయండి, పైపు ఎక్కువ మిగిలేలా. మిగిలితే రేపు ఇంకాస్త కోసుకోవచ్చు, తక్కువైతే అతకాలి. కొత్త డబ్బాను పాతదాని పక్కన నేల మీద పెట్టి కొలవండి. జాయింటులో ఒక పైపు ఇంకోదానిలోకి 4 నుంచి 5 సెంటీమీటర్లు దూరాలి, ఆ మేరకు కలుపుకోవడం మరచిపోతారు. నేను మరచిపోయాను.

వెల్డింగ్ రాదు. క్లాంపులతో సరిపోతుందా?

సరిపోతుంది. యూ ఆకారం బోల్టు క్లాంపు పైపును నొక్కి గాడి పెడుతుంది, మళ్లీ విప్పాలంటే కోయడమే. వెడల్పు పట్టీ క్లాంపు ధర ఎక్కువైనా పైపు ఆకారం చెడగొట్టదు, లీకు తక్కువ. పైపు కొలత చెప్పేటప్పుడు లోపలి వ్యాసమా, బయటి వ్యాసమా అన్నది తేల్చుకోండి, 2.5 అంగుళాలని రెండూ అంటారు, బయటి వ్యాసం అంత ఉన్న పైపు లోపలి వ్యాసం అంత ఉన్నదాంట్లోకి దూరుతుంది, బయటి వ్యాసాలు రెండూ ఒకటే అయితే ఒకదాంట్లో ఒకటి దూరవు.

వెల్డింగ్ వచ్చినవాళ్లకు రెండు మాటలు. బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఎర్త్ క్లాంపును అతికే పైపుకే, దగ్గర్లో పెట్టండి. నీళ్ల పైపు మిగిలిందని జింకు పూతది తెచ్చి అతకకండి, ఆ పొగ పీల్చినవాడికి రాత్రికి చలి జ్వరం వస్తుంది.

ఏ లోహం?

మామూలు ఉక్కు త్వరగా పోతుంది. అల్యూమినియం పూత ఉక్కు నయం, పూత లేచిన అతుకు దగ్గర మొదట తుప్పు పడుతుంది. 409 రకం స్టెయిన్‌లెస్ పైపైన ఎర్రబారుతుంది కానీ నిలుస్తుంది, దానికి అయస్కాంతం అంటుకుంటుంది. 304 రకానికి సాధారణంగా అంటుకోదు, ఎక్కువ కాలం నిగనిగలాడేది అదే.

బిగించేటప్పుడు వరుస ఏమిటి?

ముందు అన్నీ వదులుగా తగిలించండి. సైలెన్సర్ మీద బాణం గుర్తు ఉంటే అది పొగ పోయే దిక్కు. పైపులు తిప్పి, చుట్టూ కనీసం 25 మిల్లీమీటర్ల ఎడం వచ్చాక ముందు నుంచి వెనక్కి బిగిస్తూ పోవాలి. వేడికి పైపు సాగుతుంది, ఇంజన్ ఊగుతుంది. యాక్సిల్ దగ్గర ఎడాన్ని చక్రాలు నేల మీద ఉండగా చూడండి. ఖాళీ బండికి తగలని పైపు, ట్రేలో బరువు పడి స్ప్రింగు పట్టీలు వంగగానే యాక్సిల్‌కు టంగుమని తగులుతుంది.

తీసిన, వేడిని అడ్డుకునే రేకులు మళ్లీ పెట్టాల్సిందే. ఊగుతున్నాయని పారేసేవాళ్లు పైనున్న స్టెప్నీనీ, ఇంధనం పైపునూ, పార్కింగ్‌లో ఎండుగడ్డినీ మరచిపోతారు.

లీకు లేదని ఎలా తెలుసుకోవాలి?

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, దుమ్ము లాగే వాక్యూమ్ గొట్టాన్ని గాలి ఊదే వైపు తగిలించి టెయిల్ పైపులో గుడ్డతో బిగించండి. జాయింట్లకు సబ్బు నీళ్లు రాస్తే లీకు ఉన్నచోట బుడగలొస్తాయి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు కాసేపు పొగ రావడం మామూలే, చేతి నూనె, పూతలు కాలుతున్నాయి. వంద కిలోమీటర్లు తిరిగాక చల్లారనిచ్చి ప్రతి నట్టూ మళ్లీ బిగించండి. సెన్సర్ల దగ్గర్లో మామూలు సిలికాన్ జిగురు రాయొద్దు, దాని ఆవిరి సెన్సర్‌ను చంపేస్తుంది.

సైలెన్సర్ అడుగున చిన్న చిల్లుంది, నీళ్లు కారుతున్నాయి. పోయినట్టేనా?

కాదు, అది నీళ్లు పోవడానికి కంపెనీ పెట్టిన చిల్లు కావచ్చు. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు ఒక లీటరు నీరు తయారవుతుంది. వేడెక్కిన బండిలో అది ఆవిరిగా పోతుంది. పక్క వీధిదాకా తిరిగి ఆపేసే బండిలో లోపలే నిలిచి, సైలెన్సర్‌ను లోపల్నుంచి తింటుంది. అంచులు నున్నగా, గుండ్రంగా ఉంటే అది వదిలేయాల్సిన చిల్లు. అంచులు పొలుసులుగా రాలుతుంటే తుప్పు.

చట్టం ఏమంటుంది?

సైలెన్సర్ లేకుండా రోడ్డెక్కడం చాలాచోట్ల నేరమే. వేరే సైలెన్సర్ పెట్టుకోవచ్చా అన్నది చోటును బట్టి: కొన్నిచోట్ల డెసిబెల్స్ కొలుస్తారు, కొన్నిచోట్ల ఆమోద ముద్ర ఉన్న డబ్బానే పెట్టాలంటారు. కోయకముందే మీ రవాణా శాఖ నిబంధన చదవండి. బీమా, తనిఖీ సంగతి కూడా అప్పుడే చూసుకోండి.

తీసిన పాత సైలెన్సర్ ఏం చేయను?

అమ్మేయకండి. ఫ్లాంజి, హ్యాంగర్ కడ్డీలతో సహా ఒక మూల ఉంచండి, ఏ జాయింటు ఎక్కడిదో సుద్దతో రాసి మరీ. నాది ఏడు నెలలు షెడ్డు మూలన పడుంది. కోసిన జాయింటుకు రెండు పట్టీ క్లాంపులు వేసి తిరిగి ఎక్కించడానికి పట్టింది గంటన్నర.